ఖాళీ స్టాండుకు గొంతు పెట్టినవాణ్ణి

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నాకు ఫోన్ చేసి అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ మిక్సర్ మంచిది? గల్ఫ్‌లో జీతం ఎంత ఇస్తారు? మొదటిదానికి జవాబు ఏడాదికోసారి మారిపోతుంది. రెండోదానికి నిజం చెబితే మీరు రారు. అందుకని ఎవరూ అడగని సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. మస్కట్‌లో ఒక క్రికెట్ స్టేడియానికి సౌండ్ మనిషిగా పద్దెనిమిదేళ్లు పనిచేసి మొన్న వేసవిలో తిరిగి వచ్చేశాను. నాకిచ్చిన ప్రశంసాపత్రాల గురించి రాయను. అవన్నీ మస్కట్‌లోని రూవీ పేటలో ఖాళీ చేసిన ఫ్లాట్ అలమరలోనే వదిలేసి వచ్చాను. ఒక మనిషి గొంతుతో నేనేం చేశానో మాత్రం రాస్తాను. చదివాక కూడా ఈ పని చేయాలనిపిస్తే రండి. మంచి పనే.

తణుకులో తిన్న చెంపదెబ్బ

నాకు పని నేర్పింది బ్రహ్మయ్య గారు. తణుకులో ఆయనకు మైకు సెట్టు ఉండేది. పెళ్లిళ్లు, హరికథలు, ఎన్నికల మీటింగులు, అన్నిటికీ మేమే. ఒక పెళ్లిలో నేను మైకు ఆపడం మరిచిపోయి భోజనానికి లేచాను. పెళ్లికొడుకు మేనమామ సరిగ్గా ఆ మైకు పక్కన కూర్చుని, తన కడుపులో కణితి ఉందని డాక్టరు చెప్పిన సంగతి, పెళ్లయ్యేదాకా ఇంట్లో చెప్పొద్దన్న సంగతి, బావమరిదితో చెప్పుకున్నాడు. నాలుగు వీధులూ విన్నాయి. లోపల వాళ్లావిడ కూడా విన్నది.

పెళ్లివాళ్లు నా మీదికి వస్తే బ్రహ్మయ్య గారు అడ్డం పడ్డారు. షాపుకి వచ్చాక ఆయనే చెంప పగలగొట్టారు. "ఒరేయ్, మైకులోకి వచ్చేది సౌండ్ అనుకుంటున్నావా? మనిషిరా! ఆయన్నడక్కుండా ఆయన్ని రోడ్డు మీద నిలబెట్టావు" అన్నారు. అప్పుడు చెంప మండిందే గాని మాట బుర్రకెక్కలేదు. ఎక్కడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

గట్టు మీది శుక్రవారాలు

మా స్టేడియం ఊరికి దూరంగా, గడ్డిపరక మొలవని గోధుమరంగు కొండల కింద ఉంది. నేను చేరినప్పుడు దాన్ని స్టేడియం అంటే నవ్వొచ్చేది. మూడు చిన్న స్టాండ్లు, తూర్పున ఒక మట్టిగట్టు. గట్టు మీద కూర్చోవడానికి అర రియాల్. అది కూడా గేటు దగ్గర రాజన్న ఉంటే వసూలయ్యేది కాదు. రాజన్నది జగిత్యాల. చేతిలో చెప్పులు పట్టుకుని వచ్చినవాణ్ణి ఆపడం ఆయనకు చేతకాదు.

శుక్రవారం సెలవు. రూవీ బ్యాచిలర్ రూముల నుంచి, సైట్ల క్యాంపుల నుంచి జనం బస్సుల్లో దిగేవారు. ఒక్కోసారి దూరాన ఉన్న బహ్లా ఊరి నుంచి కూడా కంపెనీ బస్సులు వచ్చేవి. బిర్యానీ పొట్లాలు, నీళ్ల డబ్బాలు, తలకు తువ్వాళ్లు. ఎవడు ఆడుతున్నాడో సగం మందికి తెలియదు. వారమంతా ఫోర్‌మన్ అరుస్తుంటే విన్నవాళ్లు ఆ మూడు గంటలు తాము అరవడానికి వచ్చేవారు. నా పద్దెనిమిదేళ్లలో నేను విన్న అందమైన సౌండ్ అదే. ఏ హాల్లోనూ, ఏ కచేరీలోనూ అంత నిండుగా వినలేదు.

ఒక శుక్రవారం కొత్త రికార్డర్ వచ్చిందని, పరీక్ష కోసం గట్టు దగ్గర రెండు మైకులు కట్టి మ్యాచ్ మొత్తం రికార్డు చేశాను. ఎవరినీ అడగలేదు. జనాన్ని ఎవరు అడుగుతారు?

ఆ రికార్డింగులో ఒక కేక ఉంది. "ఓ... హో హో... హోయ్!" చివరి హోయ్ దగ్గర గొంతు పైకి లేచి రెండుగా చీలుతుంది. ఎదురు కొండ దాన్ని తిరిగి ఇస్తుంది. గట్టంతా నవ్వుతుంది. మాది వరి పండే ప్రాంతం. ఆ కేక ఏమిటో నాకు తెలియదు. ఎవడో హుషారుగా ఉన్నాడు అనుకున్నాను.

గ్రెగ్ చెప్పిన బేస్‌బాల్ సంగతి

తర్వాత మా స్టేడియంలో ఆడే క్రికెట్ లీగ్ చేతులు మారింది. కొత్త యజమానులు పేరున్న ఆటగాళ్లను విదేశాల నుంచి తెచ్చారు. మొదటి ఏడాది ఇద్దరు, తర్వాత ఏడుగురు. ఒకడికి ఎక్కువ ఇస్తే పక్కవాడి ఏజెంటు మర్నాడే ఫోన్ చేసేవాడు. మూడు వారాల ఆటకు ఒకాయన పట్టుకెళ్లిన మొత్తం నా పద్దెనిమిదేళ్ల జీతం కన్నా ఎక్కువ. ఆయన మంచివాడే, నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

స్టేడియం నడపడానికి గ్రెగ్ అనే అమెరికన్ వచ్చాడు. అంతకు ముందు ఆయన బేస్‌బాల్ స్టేడియంలలో పనిచేశాడు. నేను చూసిన బాసుల్లో మర్యాదస్తుడు. తన టీ తనే తెచ్చుకునేవాడు, నాకూ ఒకటి తెచ్చేవాడు. తూర్పు గట్టును తవ్వేసి డబ్బున్నవాళ్లకు అద్దాల బాక్సులు కడుతున్నారని తెలిసి నేను నిలదీస్తే, ఆయన దాచకుండా చెప్పాడు.

"ఆటగాళ్ల జీతాలు ఎక్కడి నుంచి రావాలి? మా దగ్గరా ఇంతే జరిగింది. నా చిన్నప్పుడు మా నాన్న నన్ను వారానికోసారి బేస్‌బాల్‌కు తీసుకెళ్లేవాడు. ఆయన లారీ డ్రైవరు. నేను మేనేజర్ని. మా అబ్బాయిని ఏడాదికోసారి తీసుకెళ్లగలుగుతున్నాను."

"మరి అది బాగుందా?"

"బాగుందని నేను అన్నానా?" అని టీ తాగాడు.

ఆటగాణ్ణి తిట్టడం తేలిక. వాడి మోకాళ్లు పదేళ్లే పనిచేస్తాయి, ఇచ్చినప్పుడు పుచ్చుకుంటాడు. నా కోపం వాడి మీద కాదు. పైన జీతం పెరిగిన ప్రతిసారీ కింద గేటు ఇంకాస్త ఇరుకైంది. అర రియాల్ రెండయింది, రెండు ఐదయింది, నీడ ఉన్న చోట ఎనిమిది, బాక్సుల పక్క స్టాండు పదిహేను. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లు గేటు దగ్గర పారబోయించారు. ఆటను ఆటగా నిలబెట్టినవాళ్లు రావడం మానేశారు. రావడం మానేశారని యజమానులు గమనించడానికి ఒక సీజన్ పట్టింది. ఎందుకంటే బాక్సులు నిండాయి. అద్దాల వెనక ఏసీలో కూర్చున్నవాళ్లు అరిస్తే బయటికి వినపడదు.

లేని జనం

కొత్త సీజన్ మొదటి మ్యాచ్ నాకు ఇప్పటికీ కల్లోకి వస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలు, ఫెళఫెళలాడే ఎండ. బ్యాట్‌కు బంతి తగిలితే ఆ చప్పుడు కొండకు కొట్టుకుని తిరిగి వచ్చింది. ఎవరో రెండో మ్యాచ్ ఆడుతున్నట్టు. సిక్సర్ కొట్టినవాడు అలవాటుగా బ్యాట్ ఎత్తి, ఎవరికి చూపించాలో తెలియక దించేశాడు. ఖాళీ కుర్చీలు ఎండకు వేడెక్కి టక్, టక్ అని విచ్చుకుంటుంటే నా మైకులు అది పట్టుకున్నాయి. ఆ రోజు జనం చప్పుడు అదే.

టీవీవాళ్లు గోల చేశారు. ఇది శవం లేచిన ఇల్లులా ఉంది, చూసేవాళ్లు ఛానెల్ మార్చేస్తున్నారు అన్నారు. గ్రెగ్ నా దగ్గరికి వచ్చి, "ఏమైనా చేయగలవా?" అని అడిగాడు.

చేయగలను. అదే నా జబ్బు. పాత గట్టు రికార్డింగు తీశాను. వారం రోజులు కూర్చుని ముక్కలు కోశాను. మామూలు గుసగుస ఒకటి, ఫోర్‌కు ఒకటి, వికెట్‌కు ఒకటి. ముక్క అయిపోగానే మళ్లీ మొదలయ్యేలా అతికాను, అతుకు వినపడకుండా. ఆ కేకను విడిగా తీసి దానికో బటన్ పెట్టాను. స్టేడియంలో ఆరు చోట్ల స్పీకర్లు ఉన్నాయి. ఒకే చోటి నుంచి వస్తే దొంగతనం తెలిసిపోతుందని, కేకను ఒకసారి ఉత్తరం స్టాండు నుంచి, ఒకసారి పడమటి నుంచి వచ్చేలా తిప్పేవాణ్ణి.

అద్భుతంగా ఉంది అన్నారందరూ. బౌండరీ దగ్గర ఫీల్డర్ ఒకడు ఆ కేక వినపడిన వైపు తిరిగి చెయ్యి ఊపాడు. అక్కడ కుర్చీలు తప్ప ఏమీ లేవు. వాడు చెయ్యి దించకుండా కొంచెంసేపు అలాగే చూశాడు. ఆ తర్వాత ఎప్పుడూ అటు వైపు ఊపలేదు.

ఇంకో రోజు టీవీ డైరెక్టర్ నా హెడ్‌ఫోన్‌లో అడిగాడు. "ఆ కేక వేసేవాడెవడు? మంచి క్యారెక్టర్‌లా ఉన్నాడు, నాకు వాడి మొహం కావాలి." ఆయన వేరే దేశం నుంచి వచ్చినవాడు, జనం చప్పుడు దొంగదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కెమెరా ఉత్తరం స్టాండంతా వెతికింది. వరస తర్వాత వరస, నీలం కుర్చీలు. నా ముందు స్క్రీన్‌లో అవి జరుగుతూ పోయాయి. కెమెరా ఒక చోట ఆగింది.

ఆడమనిషి. నలభై లోపు. తలమీద చున్నీ, ఒళ్లో గుడ్డసంచి. గ్రౌండ్ వైపు చూడటం లేదు. తన తలమీది స్పీకరు వైపు చూస్తోంది.

"ఈమె కాదు" అని డైరెక్టర్ కెమెరా మార్చేశాడు.

నీడ కోసం అనుకున్నాను

తర్వాత శుక్రవారం కూడా ఆమె వచ్చింది. నా సౌండ్ రూమ్ కిటికీలోంచి గ్రౌండంతా కనపడుతుంది. ఖాళీ స్టాండులో ఒక్క మనిషి ఉంటే చూపు అక్కడికే పోతుంది. ఆమె కాసేపు ఉత్తరం స్టాండులో కూర్చుంది. తర్వాత లేచి నడవలో నడుచుకుంటూ పడమటి స్టాండుకు వెళ్లింది. ఇరవై నిమిషాలాగి దక్షిణానికి. పాపం, నీడ కోసం తిరుగుతోంది అనుకున్నాను. కానీ దక్షిణం స్టాండులో ఆ వేళ ఎండ నిలువునా పడుతుంది.

ఇన్నింగ్స్ మధ్య విరామంలో రాజన్న పైకి వచ్చాడు.

"సార్, గా అమ్మను సూసిన్రా? ఐదు మ్యాచులాయె అస్తున్నది. పాసు ఇస్తనమ్మా అంటే అద్దంటది, పైసలు వెట్టి టికెట్ కొంటది. మ్యాచ్ సూడది సార్. కుర్చీలు సూస్తది."

"ఎవరికోసమో వెతుకుతోందేమో."

"ఎవలున్నరని సార్, ఎతుకుతందుకు?"

రాజన్న దిగి వెళ్లాక కిటికీలోంచి చూశాను. ఆమె దక్షిణం స్టాండులో ఉంది. నేను కేకను ఉత్తరానికి తిప్పి బటన్ నొక్కాను. ఆమె లేచింది. సంచి భుజాన వేసుకుని, గబగబా, దాదాపు పరుగున, గ్రౌండు చుట్టూ నడిచి ఉత్తరం స్టాండుకు వెళ్లింది. అక్కడ ఒక్కో వరసా చూసుకుంటూ పైకి ఎక్కింది.

అక్కడితో ఆగి ఉంటే నేను మనిషిని. ఆగలేదు. నిజమా కాదా అని మళ్లీ పడమటికి తిప్పి నొక్కాను. సౌండ్ మనిషికి పరీక్ష చేయకుండా ఏదీ నమ్మబుద్ధి కాదు. ఆమె పైవరస నుంచి, ఇంకా ఊపిరి తీసుకోకుండానే, దిగడం మొదలుపెట్టింది.

రమణమ్మ

మ్యాచ్ అయ్యాక ఆమే రాజన్న వెంట పైకి వచ్చింది. సౌండ్ అంతా ఈ రూమ్ నుంచే నడుస్తుందని ఆయన చెప్పాడట. పేరు రమణమ్మ, కడప పక్క పల్లె. రెండేళ్లుగా మస్కట్‌లోనే దార్సైట్ పేటలో ఒక ఇంట్లో పనిచేస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం సెలవు. సంచిలోంచి ప్లాస్టిక్ కవర్ తీసి, అందులోంచి ఒక పాస్‌పోర్ట్ ఫొటో తీసి నా ముందు పెట్టింది.

"మా ఇంటాయన సార్. సుబ్బరాయుడు. బహ్లాలో కంపెనీలో ఉన్న్యాడు. మూడేండ్ల కిందట కంపెనీ ఇడ్సిపెట్టి ఖల్లివల్లి అయినాడు. ఆ పొద్దు నుంచి ఫోన్ లేదు, మాట లేదు. ఆ చలికాలం వాదిలో నీళ్లొచ్చి ఒక పికప్పు బండి కొట్టుకపాయ, దాంట్లో మావాళ్లు కొందురు ఉన్న్యారని అన్న్యారు. ఇద్దరు దొరికినారు. ఆయన దొరకల్యా."

వాది అంటే కొండవాగు. ఏడాదంతా ఎండి ఉండి, ఎక్కడో కొండల్లో వాన పడితే ఒక్క గంటలో లారీని లాక్కుపోతుంది. ఖల్లివల్లి అంటే కాగితాలు లేకుండా కంపెనీ వదిలి తిరిగేవాడు. అలాంటివాడు పోతే వెతికేవాడు ఉండడు.

"మూడు నెలల కిందట మేడమ్ ఇంట్లో టీవీ పెట్టింటే, నేను గిన్నెలు కడగతా ఉండా. ఇనపడింది సార్. మాయాయన కేక. మా పక్క జొన్నచేండ్ల కాడ మంచె ఎక్కి చిలకల్ని తోల్తారు గదా, ఆ కేక. ఒక్కొక్కరిది ఒక్కో మాదిరి ఉంటాది. చివరాకర్న గొంతు పగిలేది ఈయనొక్కనికే. పెండ్లయిన కాన్నించి ఇంటాండా, నాకు తెల్దా?"

నేను ఫొటో చూస్తూ కూర్చున్నాను.

"ఒక మంచె మీద నుంచి కేకేస్తే పక్క మంచె వాళ్లు పలకాల సార్. పలక్కపోతే పని యాడిదాడ ఇడ్సిపెట్టి పోయి సూడాల, పామో జరమో ఏమయ్యిందో అని. అది మా పక్క పద్ధతి. పిలిసినోడు ఉన్న్యాక పోకుంటే ఎట్ల?"

ఇక్కడే అసలు సంగతి చెప్పింది. ఊళ్లో అత్తమామలు మూడేళ్లు చూసి, కొడుకుకు కర్మ చేయడానికి రోజు పెట్టుకున్నారు. అయ్యవారిని కూడా పిలిచారు. ఈమె ఫోన్ చేసి ఆపించింది. "బతికుండాడు, టీవీలో కేకేస్తాండాడు, కర్మ పెడితే నా మీద ఒట్టే అన్న్యా. మా అత్త రోజూ ఫోన్ చేస్తాది సార్, కనపడినాడా, కనపడినాడా అని. పండుకోవడం మానేసిందంట. మీకు తెలుస్తాది గదా సార్, ఆయప్ప యాడ కూచ్చుంటాడో?"

గుమ్మం దగ్గర గ్రెగ్ నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలుగు రాదు. అయినా నాకు భయం వేసింది. టీవీ కాంట్రాక్టు, జనం చప్పుడు దొంగదని బయటపడితే అయ్యే గొడవ, రిటైర్మెంటుకు మిగిలిన నాలుగు నెలలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఫొటో తిరిగి ఇచ్చేశాను.

"అమ్మా, వేలమంది వస్తారు. ఎవరి గొంతో నేనెలా చెప్పగలను? వెతుకుతూ ఉండండి, దొరకొచ్చు."

వేలమంది అన్నాను. నా వెనకే కిటికీ, కిటికీ నిండా ఖాళీ కుర్చీలు. ఆమె ఒకసారి అటు చూసింది, మళ్లీ నన్ను చూసింది. తన కళ్లను కాదని నా మాట నమ్మింది. నేను సార్‌ని కదా. "మీ పున్నెం సార్" అని దండం పెట్టి వెళ్లింది.

ఆ అబద్ధం ఖరీదు ఆమె కట్టింది. తర్వాతి శుక్రవారం ఆమె బాక్సుల పక్క స్టాండులో కనపడింది. అక్కడ టికెట్టు పదిహేను రియాళ్లు. అంతకు ముందు వారం చివరి కేక అటు నుంచి వచ్చింది. ఏమీ అనుకోకుండా, ఊరికే, నేనే తిప్పాను. నెలకు తొంభై రియాళ్లు సంపాదించే మనిషి, లేని మొగుడి పక్కన కూర్చోవడానికి పదిహేను పెట్టి కుర్చీ కొనుక్కుంది. ఆ రోజు నేను ఆ బటన్ ముట్టుకోలేదు. మ్యాచ్ అయిపోయేదాకా ఆమె ఎదురుచూస్తూనే ఉంది.

కోసి పారేసిన ముక్క

మర్నాడు పొద్దున రూవీలో నా రూమ్‌లో తలుపు వేసుకుని గట్టు రికార్డింగు మొత్తం విన్నాను. నాకు కావలసిన కేక ఆరు సెకన్లు. దాని ముందూ వెనకా ఉన్నదాన్ని చెత్త అని కోసి పారేశాను, ఒక్కసారి కూడా వినకుండా. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఏది కోస్తున్నారో విని కోయండి.

కేకకు ముందు, జనం గోల కింద, ఒక మగగొంతు ఫోన్‌లో మాట్లాడుతోంది. "ఇనపడ్తాందా మే? జనం గోల. ఉండు, నీకొకటి ఇనిపిస్తా. ఇది నీకే." తర్వాత కేక. కొండ దాన్ని తిరిగి ఇచ్చింది, గట్టు నవ్వింది. నవ్వు తగ్గాక మళ్లీ ఆ గొంతు: "పలుకు. పలుకు మే... యాల పలకవు?" కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత పక్కవాడితో, నవ్వుతూ: "పెట్టేసింది. సిగ్గు దానికి."

హెడ్‌ఫోన్ తీసేశాను. ఒకడు సముద్రానికి అవతల ఉన్న తన భార్యను పిలిచిన పిలుపును నేను సీజనంతా అమ్ముకున్నాను. బ్రహ్మయ్య గారి చెయ్యి నా చెంప మీద ఇప్పుడు పడింది.

ఇక గ్రెగ్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ కేక ఇక వేయనని ఆయనకు చెప్పాను, కారణం కూడా చెప్పాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లాడు. "మిగతా జనం?" అన్నాడు. మిగతా జనాన్ని కూడా వేయనన్నాను. ఆయన పైవాళ్లు నన్ను నాలుగు నెలల ముందే ఇంటికి పంపారు. గ్రెగ్ నన్ను విమానాశ్రయానికి తన కారులో దింపాడు.

పలుకు

నన్ను పంపకముందే, రాజన్న దగ్గర నంబరు తీసుకుని రమణమ్మకు ఫోన్ చేశాను. శుక్రవారం పొద్దున్నే, మ్యాచ్‌కు ముందు రమ్మన్నాను, టికెట్ కొనొద్దని చెప్పాను. పది గంటలకు వచ్చింది. కొత్త చున్నీ వేసుకుంది. దొరికాడని అనుకుంది.

కూర్చోబెట్టి అంతా చెప్పాను. గట్టు మీద ఎప్పుడు రికార్డు చేశానో, అది సుబ్బరాయుడు కంపెనీ వదలడానికి నాలుగైదు నెలల ముందని, దాన్ని ఎలా కోశానో, ఎలా అతికానో. ఆమె శ్రద్ధగా వింది. అంతా అయ్యాక, "మరి ఇప్పుడు కేకేసేది ఎవరు?" అంది.

"నేనే అమ్మా. ఈ బటన్."

బటన్ వైపు చూసింది. నా వేలి వైపు చూసింది. "ఎన్ని తూర్లు నొక్కినారు?"

మొన్న తెలిసి కూడా అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆమె తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా. తిట్టలేదు. అప్పుడు కోయని రికార్డింగు వినిపించాను. "ఇది నీకే" అన్న చోట ఆమె చున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది. అయిపోయాక కొంగు తీసి మాట్లాడింది.

"బస్సులో ఉండా అన్నా ఆ పొద్దు. పక్కన జనం. నేను కేకేస్తే నగుతారని పెట్టేసినా. రేపు పలుకుదాంలే అనుకున్న్యా." అప్పటిదాకా సార్ అన్న మనిషి అన్నా అంది. నాకు అది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"కాపీ చేసి నీ ఫోన్‌లో పెట్టనా అమ్మా?"

"ఒద్దు. ఫోన్‌లో ఉంటే పొద్దుమానం పిలుస్తానే ఉంటాడు. ఒక్క తూరి పెద్దగా పెట్టు అన్నా. నేను ఆడికి పోతా. ఆయప్ప కూచ్చున్న్యాడే, ఆడికి."

గట్టు లేదు. ఉన్నచోట అద్దాల బాక్సులు, వాటి ముందు బౌండరీ తాడు దాకా కొంచెం పచ్చిక. ఆమె చెప్పులు విప్పి ఆ పచ్చికలో నిలబడింది. స్టేడియంలో ఆమె తప్ప ఎవరూ లేరు. గేటు దగ్గర రాజన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను ఆరు స్పీకర్లూ తెరిచి నొక్కాను.

ఓ... హో హో... హోయ్.

చివర్న గొంతు చీలింది. కొండ తిరిగి ఇచ్చింది. అప్పుడు రమణమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పలికింది. అంత చిన్న మనిషిలో అంత గొంతు ఉంటుందని నేను అనుకోలేదు. అలవాటు కొద్దీ గ్రౌండు మైకులు తెరిచే ఉంచాను, మీటర్ ముల్లు ఎర్రదాకా వెళ్లి వచ్చింది. కొండ ఆమె కేకనూ తిరిగి ఇచ్చింది. తర్వాత ఏమీ లేదు. కుర్చీలు ఎండకు టక్, టక్ అంటున్నాయి.

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడింది. పద్ధతి ప్రకారం ఇప్పుడు అవతలి మంచె పలకాలి. నా వేలు ఇంకా బటన్ మీదే ఉంది. ఒక్కసారి నొక్కితే అతను పలుకుతాడు. అదే గొంతు, అదే చీలిక, ఆమెకు నేను ఇవ్వగలిగింది అదొక్కటే. ఇచ్చి ఉంటే ఆమె మళ్లీ పలికేది. నేను మళ్లీ నొక్కేవాణ్ణి. వేలు తీసి ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను.

ఎంతసేపు ఎదురుచూసిందో తెలియదు. చివరికి చెయ్యి దించి, చెప్పులు తొడుక్కుని, గ్రౌండ్ చుట్టూ నడిచి నా కిటికీ కిందికి వచ్చింది.

"పలకల్యా అన్నా" అంది పైకి చూసి. "అత్తకు ఫోన్ చేస్తా. అయ్యవారిని పిలిపించుకోమంటా."